ముందు బావుల లెక్క తీయండి

గ్రావెల్ క్వారీ విస్తరణ వద్దంటున్న భూయజమానులను అభివృద్ధికి అడ్డం పడుతున్నారని అనడం అన్యాయం. రోడ్లకూ ఇళ్లకూ గ్రావెల్ కావాలి, కాదనేవాళ్లు లేరు. కానీ చాలాచోట్ల ఆ గ్రావెల్ పొరలోనే భూగర్భజలం కూడా ఉంటుంది. గుంత నీటిమట్టం కన్నా కిందికి దిగితే, తవ్వకం సాగడానికి ఊటను మోటార్లతో తోడి పోస్తారు. దాంతో చుట్టుపక్కల బావులు, బోర్లలో నీళ్లు తగ్గిపోతాయి. మట్టానికి పైనే ఆపినా, వాన నీటిని వడకట్టే పొర పలచబడుతుంది, యంత్రాల నుంచి కారిన డీజిల్ సులువుగా కిందికి చేరుతుంది.

అందుకే విస్తరణకు ముందే చుట్టూ ఉన్న ప్రతి బావిలో మట్టం, నీటి నాణ్యత కొలిచి రాసిపెట్టాలి. ఆ లెక్క లేకపోతే రేపు బావి ఎండినా అది క్వారీ వల్లేనని రైతు నిరూపించలేడు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

ఇక దుమ్ము. రాతి దుమ్ములోని సిలికాను పీలిస్తే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే తేల్చింది. నీళ్లు చల్లుతామని మాటిస్తే చాలదు, గాలిని కొలిచే పరికరం పొలం గట్టు మీదే ఉండాలి. గుంత పూడ్చడానికయ్యే డబ్బు కూడా అనుమతికి ముందే డిపాజిట్ చేయించాలి. తవ్వడం అయిపోయాక కంపెనీ మూతపడితే ఎవరిని అడుగుతారు?