పన్ను పెంచబోమనే ప్రమాణపత్రం గారికి

అమెరికాలో రిపబ్లికన్ అభ్యర్థుల చేత పన్ను పెంచబోమని సంతకం పెట్టించుకునే మహారాజశ్రీ ప్రమాణపత్రం గారికి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమం. అచ్చట మీ సంతకాలన్నీ క్షేమమని తలుస్తాను. అమెరికా అప్పు మాత్రం 2025 అక్టోబరులో 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది.

అంతకుముందు జులై 4న చట్టమైన, ట్రంప్ 'పెద్ద అందమైన బిల్లు' అని పిలిచే పన్ను కోతల బిల్లు, మీ లెక్కలో కడిగిన ముత్యం. మీ షరతులు రెండే కదా. ఆదాయపు పన్ను రేట్లు పెంచకూడదు. మినహాయింపులు తీసేస్తే అంతకంతా రేట్లలో తగ్గించి సరిపెట్టాలి. అదే బిల్లులో ప్రభుత్వం చెయ్యగల అప్పుకి చట్టం గీసిన పరిమితిని 5 లక్షల కోట్ల డాలర్లు పెంచుకుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదు. మీ కాగితం మీద అప్పు అన్న మాటే లేదాయె. సెనేట్‌లో రిపబ్లికన్ ర్యాండ్ పాల్ ఈ పరిమితి దగ్గరే మొండికేసి వ్యతిరేకంగా ఓటేశాడు. లెక్క 50-50 దగ్గర ఆగితే ఉపాధ్యక్షుడి ఓటుతో బిల్లు గట్టెక్కింది.

మీ మహిమ కాదనను. 1986లో పన్నుల వ్యతిరేక ఉద్యమకారుడు గ్రోవర్ నార్క్విస్ట్ మిమ్మల్ని ఊరికే చేతికెత్తుకోలేదు. 1982లో ఖర్చుల కోత వస్తుందని నమ్మి రీగన్ పన్నులు పెంచాడు, పన్ను వచ్చింది గానీ కోత రాలేదన్న మంట సంప్రదాయవాదుల కడుపులో ఇంకా ఆరలేదు. 1988లో న్యూహాంప్‌షైర్‌లో రిపబ్లికన్ అధ్యక్ష ఆశావహుల చర్చావేదిక మీద మిమ్మల్ని చేతిలో పెట్టి సంతకం చెయ్యమంటే బాబ్ డోల్ చెయ్యలేదు. ఆ రాష్ట్రం ఆయన పోటీదారు పెద్ద బుష్‌కి పోయింది. ఆ బుష్ 1990లో మాట తప్పి పన్ను పెంచాడు, 1992లో ఇంటికి పోయాడు. ఇంత శక్తి ఉన్న కాగితం మరొకటి లేదు. బాధంతా అందుకే.

2011 ఆగస్టు 11 గుర్తుందా? అయోవాలో ఏమ్స్. దేశం అప్పు రేటింగును ఎస్ అండ్ పీ సంస్థ అత్యున్నతమైన ఏఏఏ నుంచి కిందికి దించి సరిగ్గా ఆరు రోజులు. చర్చావేదిక మీద అధ్యక్ష పదవికి రిపబ్లికన్ ఆశావహులు ఎనిమిది మంది. పది డాలర్ల ఖర్చు కోసి ఒక్క డాలరు పన్ను వేసే ఒప్పందమొస్తే ఎవరెవరు వద్దంటారో చెయ్యెత్తమన్నారు. ఎనిమిది చేతులూ లేచాయి. మీ మీద సంతకమే పెట్టని హంట్స్‌మన్ చెయ్యి కూడా! మీరు అక్కర్లేదు, మీ భయం చాలన్నమాట.

సంతలో గేదె బేరానికి పోయినవాడు కూడా పదికి ఒకటి దొరికితే తువ్వాలు కింద చెయ్యి వెనక్కి తీసుకోడయ్యా! పన్ను పెంచక, ఖర్చు కొయ్యక మిగిలేది ఒక్కటే దారి, ప్రభుత్వ అప్పు పత్రాలైన ట్రెజరీ బాండ్లు అమ్ముకోవడం. ఇవాళ అమ్మిన పదేళ్ల బాండు ఏమిటి? పదేళ్ల తర్వాతి పన్ను మీద రాసిచ్చిన పోస్ట్ డేటెడ్ చెక్కు. పైగా ఆరు నెలలకోసారి వడ్డీ. 2024లో ఆ వడ్డీ మిలిటరీ ఖర్చును మించింది. సైన్యం బలంగా ఉండాలనే పార్టీకి ఇదా నువ్వు నేర్పిన పొదుపు? అప్పుచేసి పప్పుకూడు తినమని, పప్పుకి పన్ను పడకుండా చూసుకుంటే చాలని!

ఏమ్స్ చేతులెత్తుడుకి ముందు, 2011 జూన్‌లోనే ఇంకో నిర్వాకం. పెట్రోల్లో ఇథనాల్ కలిపే కంపెనీలకు గ్యాలనుకి 45 సెంట్ల పన్ను రాయితీ ఉండేది. ఓక్లహోమా రిపబ్లికన్ సెనేటర్ టామ్ కోబర్న్ దాన్ని ఎత్తేద్దామన్నాడు. నీ రెండో షరతు చూపించి, అది పన్ను పెంపే అన్నాడు నార్క్విస్ట్. నికార్సయిన సబ్సిడీకి మినహాయింపు అనే చొక్కా తొడిగితే చాలు, నువ్వు కాపలా కుక్కలా పడుకుంటావు. మొక్కజొన్న పండేది అయోవాలో, అభ్యర్థుల తొలి పరీక్షా అక్కడే, ఇంక అడిగేదెవరు?

దిగుమతి సుంకాల ఊసు నీలో లేదు, సరే. వృద్ధాప్య పింఛన్లిచ్చే సోషల్ సెక్యూరిటీ నిధి 2033లో అడుగంటుతుందని దాని ట్రస్టీలే 2025లో చెప్పారు, ఆ ఊసూ లేదు.

అబ్బాయి సిగరెట్ కాల్చడని కాగితం రాయించుకుని, చిట్టీల బాకీ ఎంతో అడక్కుండా పిల్లనిచ్చినట్టుంది నిన్ను చూసి అభ్యర్థిని ఎంచుకోవడం. 2028 ఎన్నికలకి అభ్యర్థులు మళ్లీ బయల్దేరతారు. అప్పటికైనా సాక్షి సంతకం గీతకు పైన మూడో షరతు ఒకటి రాయించుకో: "సమానమైన ఖర్చు కోత చట్టంలో లేకుండా అప్పు పరిమితి పెంచే బిల్లు మీద సంతకం చెయ్యను." అప్పుడు ఎన్ని చేతులు లేస్తాయో చూద్దాం.

ఇట్లు,
ఇప్పటికీ నిన్ను చింపి పారెయ్యలేని ఓటరు

తా.క.: అదే జులై చట్టంలో, విదేశాలకు నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపే డబ్బు మీద 2026 జనవరి 1 నుంచి నూటికి ఒక డాలరు పన్ను. బ్యాంకు ఖాతా నుంచో, అమెరికా కార్డు మీదో పంపితే లేదు. గుంటూరులో నాన్నకి, కరీంనగర్‌లో అత్తకి పంపేవాళ్లు కౌంటరు దగ్గర నోట్లు తియ్యకండి. ఇది ఆదాయపు పన్ను రేటు కాదు కనక ప్రమాణపత్రం గారు పలకరు.