మహారాజశ్రీ పెద్ద సర్వైవల్ కత్తి గారి సముఖమునకు

తమరిని నడుముకు కట్టుకుని అడవుల్లో తిరిగేవాళ్ళు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. తమరు డబ్బాలోంచి బయటికి రాకముందే తమరి కీర్తి మాకు చేరింది. చెట్లు నరుకుతారట, దుంగలు చీలుస్తారట, రంపం పని చేస్తారట, అవసరమైతే గుంట తవ్వుతారట, పిడి చివర దిక్కులు కూడా చూపిస్తారట. ఇన్ని విద్యలు వచ్చినవారికి ఒక పుల్లను సన్నగా చెక్కడం మాత్రం ఎందుకు రాదో అడుగుదామనే ఈ ఉత్తరం.

ముందు తమరి వెన్ను మీది పళ్ళ సంగతి. చూడ్డానికి మొసలి దవడలా భలే ఉంటాయి. అసలు రంపానికి పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కాస్త వంగి ఉంటాయి. అందుకే అది కోసే గాడి రేకు మందం కంటే వెడల్పుగా పడుతుంది, రంపం అందులో ఆడుతుంది, పొట్టు బయటికి రాలుతుంది. తమరివి 5 మిల్లీమీటర్ల మందాన తిన్నగా కోసిన గాట్లు, వంపు లేదు. కట్టెలోకి అరంగుళం దిగేసరికి గాడి తమరిని రెండు పక్కలా పట్టేస్తుంది. ఇక ముందుకూ పోరు, వెనక్కూ రారు. న్యాయంగా చెప్పాలంటే ఆ పళ్ళు పుట్టింది కట్టె కోసం కాదు. అమెరికా వైమానిక దళం పైలట్లకిచ్చిన 5 అంగుళాల కత్తికి వాటిని పెట్టింది, కూలిన విమానం అల్యూమినియం రేకును కోసుకుని బయటపడడానికి. ఆ అవసరం పడేవాళ్ళు మాలో బహు తక్కువ. పైగా ఆ పళ్ళ పుణ్యమా అని చెక్కేటప్పుడు వెన్ను మీద బొటనవేలు ఆనదు. దుంగ చీల్చడానికి కర్రతో కొడితే అవి ఆ కర్రనే కొరుకుతాయి. 200 గ్రాముల మడత రంపం, 18-20 సెంటీమీటర్ల రేకుది, మణికట్టంత కొమ్మను తమరు ఆయాసపడుతూ నరికేలోపే కోసేసి, మడుచుకుని జేబులో కూర్చుంటుంది.

ఇక పిడి. తమరిలో కొందరిది బోలు పిడి. మూత తిప్పితే దిక్సూచి, లోపల గాలాలు, అగ్గిపుల్లలు. ఇవన్నీ పట్టాలంటే అక్కడుండాల్సిన ఉక్కు అక్కడ ఉండదు కదా! రేకు తోక కాస్త గొట్టంలోకి దిగి, నట్టుతోనో పిన్నుతోనో తగులుకుని ఉంటుంది. నరికిన ప్రతి దెబ్బా ఆ అతుకు మీదే పడుతుంది. ముందు నట్టు వదులై టకటకమంటుంది. ఆ చప్పుడు వినబడగానే ఆపేసినవాళ్ళు బతికిపోయారు. ఆపనివాళ్ళకు పిడి చేతిలో మిగులుతుంది, రేకు ఎటు ఎగురుతుందో దానిష్టం. ఒకే ఉక్కు కడ్డీని తొలిచి పిడినీ రేకునూ కలిపి చేసినవి ఉన్నాయి, కత్తుల తయారీదారు క్రిస్ రీవ్ ఏ2 రకం ఉక్కుతో చేసినవి అలాంటివే. అతుకే లేదు కాబట్టి ఈ నింద వాటికి తగలదు.

బోలు పిడికి భయపడినవాళ్ళందరూ ఫుల్ టాంగ్ అని జపం చేస్తారు. రేకు పిడి చివరిదాకా, పిడి వెడల్పు మేరా సాగడం మంచిదే. కానీ 1942లో అమెరికా మెరైన్ల చేతికొచ్చిన కా-బార్ చూడండి: 7 అంగుళాల రేకు, పిడి లోపల సన్నని తోక, దాని చుట్టూ తోలు బిళ్ళలు. యుద్ధమంతా పనిచేసింది. కత్తి ఎక్కువగా విరిగేది రేకు సన్నబడి పిడిలోకి దిగే భుజం దగ్గర. ఆ మూల గుండ్రంగా తిరిగి ఉంటే దెబ్బ పంచుకుంటుంది. తొంభై డిగ్రీల పదునైన మూలైతే ఒత్తిడంతా అక్కడే పోగై వెంట్రుకంత పగులు పుడుతుంది, అది మాకు కనబడేది విరిగాకే. పిడి చెక్కలు విప్పగలిగే మోడలైతే ఒకసారి విప్పి ఆ మూలలు చూడాలి. తోక బరువు తగ్గించడానికి వేసిన రంధ్రాలు సరిగ్గా భుజం పక్కనే ఉంటే అదీ మంచి లక్షణం కాదు.

మందం తమరి మహా గర్వం, దాని లెక్క కూడా తేల్చుకుందాం. 38 మిల్లీమీటర్ల వెడల్పున్న రేకు, వెన్ను దగ్గర 4.8 మిల్లీమీటర్లు, వెన్ను నుంచే పలచబడుతూ అంచుకు దిగితే రెండు చెంపల మధ్య కోణం సుమారు 7 డిగ్రీలు. అదే వెడల్పుకు 6 మిల్లీమీటర్ల మందం పెట్టి, సగం ఎత్తు నుంచి మాత్రమే పలచన చేస్తే 18 డిగ్రీలు. మొదటిది కట్టెలోకి దిగుతుంది, రెండోది కట్టెను పక్కకు నెట్టబోయి తానే ఆగిపోతుంది. అంచున ఎంత సాన పట్టినా లాభం లేదు, ఆపేది అంచు వెనకున్న మందపాటి చెంపలు. మందం వల్ల బిగువు వస్తుంది, కాదనం. బిగువు మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 4.8 నుంచి 6.35కు వెళితే రెండింతలు దాటుతుంది. అయితే 4.8ని వంచే పని కొమ్మల దగ్గర రాదు, తమరిని గడ్డపారగా వాడినప్పుడే వస్తుంది.

తమరి కుటుంబంలోనే ఇద్దరిని పక్కపక్కన పెడదాం. బెకర్ బీకే2: 5.25 అంగుళాల రేకు, 6.35 మిల్లీమీటర్ల మందం. బీకే9: 9 అంగుళాలు, 4.8 మిల్లీమీటర్లు. బరువు రెండిటిదీ అర కిలోకు అటూ ఇటూ, ఉక్కు కూడా ఒకటే. నరకడంలో మాత్రం పొంతనే లేదు. నరికేది మొన వైపున్న బరువు. బీకే2 బరువంతా పిడి దగ్గరే కూర్చుని, ఎంత విసిరినా కొమ్మ మీద గీతే గీస్తుంది. బీకే9 మొన బరువుతో తనే పడుతుంది, మా పని దారి చూపడమే. దానితో చిన్న గుంత తొలచబోతే మాత్రం మొన చేతికి బారెడు దూరంలో ఉన్నట్టుంటుంది. మధ్యలో ఈఎస్‌ఈఈ-6 లాంటివి, 6.5 అంగుళాలు, 4.8 మిల్లీమీటర్లు, ఏదీ అద్భుతంగా చేయవు, ఏదీ పాడుచేయవు. మా ఓటు వీటికే.

దుంగ చీల్చే విద్య తమరికి నిజంగానే వచ్చు. దానికి మేము పాటించాల్సిన మర్యాదలు కొన్ని. దుంగ వ్యాసం రేకు పొడవు కంటే కనీసం 5 సెంటీమీటర్లు తక్కువుండాలి. 7 అంగుళాల కత్తికి 12 సెంటీమీటర్ల దుంగ హద్దు. కింద ఇంకో చెక్క మొద్దు వేయాలి, రాతి మీద పెడితే చీల్చి బయటపడిన అంచు నేరుగా రాతికే తగులుతుంది. ముడి ఉన్న చోటు వదిలి కట్టె నార తిన్నగా ఉన్న చోట పెట్టాలి. రేకు లోపలికి దిగాక బయటికి పొడుచుకొచ్చిన మొన వైపు కర్రతో కొడుతూ, పిడిని సమానంగా పట్టుకోవాలి. పిడిని కిందికి అదిమి కొడితే ఆ తిప్పుడంతా మళ్ళీ భుజం మీదకే పోతుంది. ఇరుక్కుంటే ఊపి లాగకూడదు, చీలికలో చెక్క మేకు దిగగొట్టి విడిపించాలి. రాయితో, సుత్తితో కొట్టేవాళ్ళ గురించి రాయడానికి కాగితం దండగ.

ఉక్కు పేరు దగ్గర తమరి గడుసుదనం తెలిసిందే. కొన్నింటి మీద 440 అని, అంటే స్టెయిన్‌లెస్ ఉక్కు రకం అని, మాత్రమే చెక్కి ఉంటుంది. 440ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, 440సీలో 0.95 నుంచి 1.20. అంతా ఆ చివరి అక్షరంలోనే ఉంది, అది రాయనిచోట కార్బన్ తక్కువ రకమేనని ఊహించడం కష్టం కాదు. 1095 అనే కార్బన్ ఉక్కు నిజాయితీపరుడు: రాక్‌వెల్ కొలతలో 55-57 హెచ్‌ఆర్‌సీ గట్టిదనంలో అంచు పెచ్చు లేవదు, వాలుతుంది, తోలుపట్టీ మీద నాలుగు లాగులు లాగితే సర్దుకుంటుంది. అదే ఉక్కును 60 దాటించి అమ్మితే ముడికి తగిలినప్పుడల్లా పెచ్చులూడి, ఆ గాటు పోయేదాకా అంచంతా అరగదీయాలి. 1095 తుప్పు పడుతుంది కాబట్టి ఒళ్ళంతా రంగు పూస్తారు. ఆ పూత వెన్ను మీద ఉన్నంతసేపూ ఫెర్రో రాడ్, అంటే గీస్తే నిప్పు రవ్వలు రాల్చే కడ్డీ, గీస్తే రవ్వలు రావు, నల్లటి పొడి రాలుతుంది. రెండంగుళాల మేర ఆకురాయితో పూత గీకి, వెన్ను మూలను తొంభై డిగ్రీలకు తేల్చుకుంటే నిప్పు దొరుకుతుంది.

పిడికీ రేకుకీ మధ్య రెండు పక్కలా కొమ్ముల్లా పొడుచుకొచ్చిన గార్డు కూడా తీసేయండి మహాప్రభో. కత్తియుద్ధాలు మాకు లేవు. పై కొమ్ము చెక్కేటప్పుడు బొటనవేలిని ముందుకు రానివ్వదు. వేళ్ళు అంచు మీదికి జారకుండా కింద ఒక్కటి చాలు.

కాబట్టి తమరు రావాలనుకుంటే 6-7 అంగుళాలతో, 5 మిల్లీమీటర్లు దాటకుండా, వెన్ను నుంచే పలచబడిన రేకుతో, పళ్ళూ దిక్సూచీ ఇంట్లో వదిలి రండి. వెంట మడత రంపాన్నీ, 100 గ్రాముల చిన్న మోరా కత్తినీ పిలుస్తాం. సన్నపని దానిది, కోత రంపానిది, చీల్చుడు తమరిది. అలిగి మాత్రం ఒంటరిగా రావద్దు.

ఇట్లు,
తమరి బరువుకు నడుము ఒకపక్కకు వాలినవాళ్ళు

తా.క.: తోలు ఒర చెమ్మను పట్టి ఉంచుతుంది. ఇంటికొచ్చాక తమరు అందులోనే పడుకుంటే నెల తిరిగేసరికి చెంపల మీద చుక్కలు లేస్తాయి. తుడిచి, నూనె రాసి, బయటే పెడతాం. ఒరలోంచి లాగేటప్పుడు అంచు వైపు కుట్టు మీద వేళ్ళు చుట్టి పట్టుకునేవాళ్ళను కూడా కాస్త చూసుకోండి, తెగేది ముందు దారమే, ఆ వెంటనే వేళ్ళు.