సవరణ: ‘గేటు పడితేగానీ సిగ్నల్ రాదు’ అన్నది మరమ్మతు రోజుకు వర్తించదు

లెవెల్ క్రాసింగ్‌ల గురించి మొన్న పెట్టిన పోస్టులో ‘ఇంటర్‌లాకింగ్ (గేటునూ రైలు సిగ్నల్‌నూ ముడిపెట్టే ఏర్పాటు) ఉన్నచోట గేటు పడితేగానీ సిగ్నల్ పచ్చ కాదు’ అని ఉంది. మామూలు రోజుల్లో అది నిజమే. మరమ్మతులు జరిగేటప్పుడు కూడా అంతేనని కొందరు అర్థం చేసుకున్నారు. దయచేసి అలా అనుకోవద్దు, ప్రాణాల మీదికొస్తుంది.

గేటు పరికరాలు విప్పే ముందు సిగ్నల్ సిబ్బంది స్టేషన్ మాస్టర్‌కు డిస్‌కనెక్షన్ మెమో (పరికరాలను విడదీస్తున్నామని తెలిపే కాగితం) ఇస్తారు. ఆయన ఒప్పుకుని సంతకం పెట్టాకే పని మొదలవ్వాలి. అప్పటినుంచి ఇంటర్‌లాకింగ్ రక్షణ ఉండదు. గేటుమ్యాన్ గేటు వేసి, ఫోన్లో ప్రైవేట్ నంబర్ (గేటు పడిందనడానికి హామీగా ఇచ్చే రహస్య సంఖ్య) చెప్పాకే స్టేషన్ మాస్టర్ రైలును వదలాలి. గేటు విరిగితే రోడ్డుకు అడ్డంగా గొలుసు కట్టి తాళం వేస్తారు. ఆ గొలుసు కిందనుంచి బైకు తోసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు గుండె దడ పుడుతుంది.

రోడ్డు తవ్వి చెక్ రైళ్లు (గేటు దగ్గర అసలు పట్టాల పక్కన లోపలివైపు బిగించే అదనపు పట్టాలు) తీసే పని వేరు. దానికి బ్రాడ్‌గేజ్‌లో పనిచోటుకు 600 మీటర్ల దూరంలో బ్యానర్ జెండా (పట్టాలకు అడ్డంగా కట్టే ఎర్రగుడ్డ), 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు (చక్రం ఎక్కగానే పేలి లోకో పైలట్‌ను హెచ్చరించేవి) పెట్టాలి. తిరిగి బిగించాక పట్టాకూ చెక్ రైలుకూ మధ్య సందు 51 నుంచి 57 మిల్లీమీటర్లలోపే ఉండాలి. అందులో కంకర రాయి ఇరుక్కోకూడదు.

ఇంకొకటి. గేటు సిగ్నల్ ఎర్రగా ఉన్నా, దానికి ‘జి’ బోర్డు (అది గేటు సిగ్నల్ అని తెలిపే గుర్తు) ఉంటే లోకో పైలట్ పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, జాగ్రత్తగా గేటు దాకా రావచ్చు. కాబట్టి ఎర్ర దీపాన్ని నమ్మి పట్టాల మీద పనిముట్లు వదలకూడదు.