ముప్ఫై కిలోల నిమ్మబేరం

2022 ఉగాదికి పొదలకూరు దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళాం. ఆ పండక్కి ఎవరి నోట విన్నా నిమ్మకాయ మాటే. నెల్లూరు అంగళ్ళలో కాయ పది రూపాయలు. హోటళ్ళలో ఉల్లిపాయ ముక్కల పక్కన నిమ్మచెక్క మాయం. మా వీధి షాపులకు వారం వారం మారే దిష్టి నిమ్మకాయ ఎండి గోలీకాయంత అయినా వేలాడుతూనే ఉంది.

కారణం అత్తగారే చెప్పారు. ఎండాకాలం కాపుకు పూత అంతకు ముందు చలికాలం మొదట్లోనే రావాలి. నవంబరులో పెన్నకు వరద తెచ్చిన వానలకు ఆ పూత కాస్తా రాలిపోయింది. అదే కాపు విరగకాసిన నెలల్లో అయితే కోత కూలి కూడా రాదని కాయల్ని చెట్టు కిందే వదిలేస్తారట.

"మన పెరట్లో నాలుగు చెట్లకు మాత్రం నిలిచింది" అన్నారావిడ.

వెంటనే ఫోన్ తీసి లెక్క వేశాను. ముప్ఫై కిలోలు, కిలోకు ఇరవై కాయలు, కాయ పది. ఆరు వేలు! అంగట్లో కొనే ధరకే మార్కెట్లో అమ్ముడుపోతుందనుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది, ఆ అంకె అత్తగారికి చెప్పేశాను.

"పొదలకూరులోనే వేసేస్తే పోలా?" అన్నారు.

"గూడూరు పెద్ద మార్కెట్ అత్తమ్మా! పైగా రేటు ఇంకా ఎక్కుతుంది" అని బస్తాను నెల్లూరు తెచ్చి మంచం కిందికి తోశాను. వారం రోజులు పొద్దున లేవగానే రేటు కనుక్కోవడమే పని. మా ఆవిడ పులిహోరకు రెండు కాయలడిగితే "ఇరవై రూపాయలు" అన్నాను. ఆ రోజు నాకు చారన్నమే.

చివరికి ఆఫీసుకు సెలవు పెట్టి, బస్తా బండికి కట్టుకుని గూడూరు వెళ్ళాను. మండీ ఆయన దాన్ని నేలమీద కుమ్మరించి, నా వైపు జాలిగా చూశాడు. బస్తాలోకి పచ్చగా పోయిన కాయలు పసుప్పచ్చగా దొర్లాయి.

"ఇదేందన్నా, మాగబెట్టి తెచ్చినావు? ఢిల్లీ లారీకి పచ్చికాయ, గట్టికాయ కావాల. ఇది దోవలోనే రసమైపోతాది."

మూడు కుప్పలు పోశాడు. పచ్చికాయ నాలుగు కిలోలు, కిలో 120. పండు పద్దెనిమిది కిలోలు, కిలో 40. మిగతా ఎనిమిది కిలోల కుళ్ళు కుప్పను కాలితో పక్కకు నెట్టాడు. మొత్తం 1,200. కమీషన్, హమాలీ పోను చేతికి 1,070. అప్పుడు పెట్రోలు లీటరు 120 దరిదాపుల్లో ఉంది, ఆ లెక్క జోలికి పోలేదు. దారిలో నిమ్మసోడా తాగుదామని ఆగి, ధర విని, ఉత్త సోడా తాగాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారి ఫోన్.

"ఎంతొచ్చింది అల్లుడు గారూ?"

మా ఆవిడ ఎదురుగా నిలబడి నా నోటి వైపే చూస్తోంది.

"మీకు చెప్పినంతే అత్తమ్మా" అన్నాను. మర్నాడు నా జీతంలోంచి ఆరు వేలు పంపాను.

డబ్బు అందిందని సాయంత్రం మళ్ళీ ఫోన్. "మీరు భలే బేరగాడు అల్లుడు గారూ! ఇక్కడ పొదలకూరులో ఎవరికీ అంత పడలా. పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు కూడా కాయ కోసి మనింట్లో పెట్టిపోయినారు. ఐదు బస్తాలు. ఆదివారం వస్తారు కదా?"