కెనడా బాల్సం గారికి నల్లగొండ నుండి ఒక విన్నపం

మహారాజశ్రీ కెనడా బాల్సం గారి దివ్య సముఖమునకు, నల్లగొండలోని ఒక డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాల నుండి అతిథి అధ్యాపకుడు చేసుకొను విన్నపము.

అయ్యా, సూక్ష్మదర్శిని స్లైడు మీద మొక్కల కోతలను గాజుల నడుమ అతికించే జిగురు తమరు; తమరి పుట్టుక మాకు తెలియనిది కాదు. కెనడా తూర్పు అడవులలో బాల్సం ఫర్ చెట్టు బెరడు మీద పొక్కులు లేస్తాయి. వాటిని మొనదేలిన గొట్టంతో పొడిస్తే తమరు జారి వస్తారు. మా గౌడన్న తాటిగెలను గీసి లొట్టి కట్టడం వంటిదే అనుకుందామంటే, పొద్దున దించిన కల్లు పొద్దెక్కేసరికి పులిసిపోతుంది. తమరేమో సముద్రాలు దాటి వచ్చి, చిన్న సీసాలో కూర్చుని, స్టాక్ రిజిస్టరులో మాకు దక్కని చోటు సంపాదించారు. మా నల్లమలలో చెంచులు తీసే తపసి బంకను పిలవవచ్చు కదా అని పిల్లలు అడుగుతుంటారు. అది నీళ్ళు తగిలితే ఉబ్బే బంక, తమరు నీళ్ళ పొడ గిట్టని రెసిన్ అని వారికి చెబుతూ ఉంటాను.

ఇంతకీ తమరికి నీళ్ళంటే అంత పగ ఎందుకు? ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనుషులున్న జిల్లా మాది. పటికతో, సున్నంతో ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టారు. కాబట్టి నీటిని అనుమానించడం మాకు ఒకరు నేర్పనక్కరలేదు. కానీ తమరి పట్టింపు ముందు మాదేపాటి? పత్తి కాండం అడ్డుకోతకు సాఫ్రనిన్ ఎరుపు పట్టించి, అందులోని నీటిని వదిలించడానికి 50 శాతం ఆల్కహాలు నుండి 70కి, 90కి మెట్టుమెట్టుగా ఎక్కించి, నడుమ ఫాస్ట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు అద్ది, చివరకు 100కి చేర్చి (ఇంత క్రమశిక్షణతో తాగేవారిని మా కల్లు దుకాణంలో నేను చూడలేదు), జైలీన్ అనే ద్రావణిలో ముంచి తమరి సన్నిధికి తెస్తాము. ఎక్కడో ఒక్క చుక్క తడి మిగిలినా తమరు పాలలా తెల్లబడి, మూడు గంటల ప్రాక్టికల్‌ను ముంచేస్తారు. వానాకాలంలో మూత తీసిన ప్రతిసారీ గాలిలోని తేమను పీల్చుకుని ఆ 100 శాతం ఆల్కహాలు సీసా మాట తప్పుతుంది; శిక్ష మాత్రం నా పత్తి కాండానికి.

తమరి గొప్పతనం కాదనను. ఆరిన తరువాత తమరి వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, దాదాపు 1.53, గాజుది 1.52; గాజు ఎక్కడ ముగిసిందో, తమరు ఎక్కడ మొదలయ్యారో వెలుగుకే తెలియదు. 1828లో శాస్త్రవేత్త విలియం నికోల్ కాంతిని ధ్రువీకరించే తన పట్టకం కోసం కాల్సైట్ స్ఫటిక ముక్కలను అతికించడానికి తమరినే నమ్ముకున్నారు. 1939లో వచ్చిన డీపీఎక్స్ అనే కృత్రిమ రెసిన్ తమరికంటే త్వరగా ఆరుతుంది, తమరిలా పసుపెక్కదు. అయితే ఆరేటప్పుడు ముడుచుకుని, అంచుల నుండి గాలిని లోపలికి లాగుతుంది. అందుకే మళ్ళీ తమరి గడపకే వస్తున్నాము.

వచ్చినవారిని తమరు నిలబెట్టే తీరు మాత్రం ఆఫీసులో ఫైలును నిలబెట్టినట్టు ఉంటుంది. సూదితో కవర్‌స్లిప్పు అనే పలుచని గాజును ఏటవాలుగా ఆనించి, ఊపిరి బిగబట్టి దించినా, ఒక గాలిబుడగ సరిగ్గా కాండంలో నీటిని మోసే దారునాళం మీదే కూర్చుంటుంది. ఆపై వారాల తరబడి నిరీక్షణ. మే నెల ఎండ మా రేకుల గదిలో తిష్ఠ వేసినా, తమరు అంచున గట్టిపడి నడుమ జిగురుగానే ఉంటారు.

ఇంత చేసి, ఆ గాజుపలక మీద ‘పర్మనెంట్ స్లైడు’ అని లేబులు రాసేది నేను. ప్రతి జూన్‌లో కొత్తగా దరఖాస్తు పెట్టుకునేదీ నేనే. మా బీరువాలోని పాత స్లైడ్లను చూస్తే తమరి శాశ్వతత్వం కూడా కొంత అనుమానంగానే ఉంది: తమరు తేనీటి డికాక్షన్ రంగుకు తిరిగారు, లోలోపల ఆమ్లమై రంగులను వెలవెల బోయించారు. లేబులు మీది చేతిరాత మాత్రం స్పష్టంగా ఉంది. ఆ రాసినవారు ఏ కళాశాలకు వెళ్ళారో ఎవరికీ గుర్తు లేదు.

నిన్న ఈ సంవత్సరపు చివరి స్లైడు పెట్టాను. బుడగ ఒక్కటే వచ్చింది, అదీ ఓ మూలకు. అది ఆరేసరికి నేను ఇక్కడ ఉంటానో లేదో. అందుకని నిలబెట్టకుండా బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచమని అటెండరన్నకు చెప్పి వచ్చాను.

ఇట్లు,
తమరి తాత్కాలిక సేవకుడు