నడుస్తా ఉండాడు గదా అంట!

పొద్దున వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే ఒక సదరం క్యాంపులో చూసిన యవ్వారానికి ఇంకా ఒళ్ళు మండతానే ఉంది. హైవే మీద బండి పడి తలకి ఆపరేషన్ అయిన కుర్రోడు. పక్కన వాళ్ళమ్మ, చంకలో ఫైలు. కుర్చీలో ఉన్నాయన "పేరేంది? ఊరేంది? ఆ గోడ దాకా నడువు" అన్నాడు. నడిచాడు. "బాగానే ఉండాడు గదమ్మా" అని ఫైలు ఇటు నెట్టేశాడు. మెదడు కొలిచేశాడు సామీ, రెండు నిమిషాల్లో!

అడగాల్సింది నడక గురించి కాదయ్యా. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాడా అని అడుగు. అంగడికి మూడు సరుకులు చెప్పి పంపితే ఎన్ని తెస్తాడో అడుగు. నుదుటి వెనక మెదడు దెబ్బ తింటే కాళ్ళూ చేతులూ ఆడతానే ఉంటాయి. పోయేది పని మొదలెట్టే శక్తి, కోపాన్ని ఆపుకునే శక్తి. తనకి తేడా వచ్చిందనే సంగతి కూడా చాలామందికి తెలీదు. "ఏమన్నా ఇబ్బందా?" అంటే "ఏం లేదు సార్" అంటాడు. అదే జబ్బు! దాన్నే సాక్ష్యం కింద రాసుకుంటే ఎట్టా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉంది, తల దెబ్బకి మాత్రం పేరు పెట్టి చోటు లేదు. చెయ్యి పడిపోతే ఒక గడి, మాట పోతే ఒక గడి. బుద్ధిలో, నడతలో తేడా వస్తే సైకియాట్రీ వైపు పంపమని అడగాల. అక్కడ వైకల్యం కొలిచే ఐడియాస్ స్కేలు సొంత పనులు, మనుషులతో మెలగడం, మాటా అర్థం చేసుకోవడం, ఉద్యోగం చూస్తుంది. స్కానింగు, డిశ్చార్జి సమ్మరీతో పాటు జ్ఞాపకం, ఆలోచన ఎట్టా ఉండాయో పరీక్షించి ఇచ్చే న్యూరోసైకాలజీ రిపోర్టు పెడితే వాదించడానికి బలం. దానికోసం బెంగుళూరు నిమ్హాన్స్, రాయవేలూరు సీఎంసీ లాంటి పెద్దాసుపత్రికి పోవాల. కావలి పక్క పల్లెలో కూలికి పోయే ఆ తల్లికి ఇదంతా ఎవురు చెప్తారంట? 40 శాతం రాకపోతే పింఛను మాటే లేదు.

సర్కారోళ్ళని వదిలెయ్, చుట్టాలేం తక్కువ తిన్నారు? "సోమరిపోతయ్యాడు, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటాడు." పెళ్ళి ఏ మెడికల్ షాపులో అమ్ముతారో కనుక్కోండి! అది సోమరితనం కాదు, మెదడు అలసట. ఇరవై నిమిషాలు పని, తర్వాత చీకటి గదిలో కాసేపు పడక. ఒకసారికి ఒకటే మాట చెప్పండి, అదీ టీవీ ఆపి. పర్సు, ఫోను, చెప్పులు రోజూ అదే చోట ఉండాల. ఏ పని ఎప్పుడో గోడ మీద బోర్డులో రాయండి, మాత్రలకి ఏడు గదుల డబ్బా, ఫోన్లో అలారం. వంట అయినాక గ్యాస్ రెగ్యులేటర్ ఆపేది ఇంకొకరు. పరామర్శకని పదిమంది ఒకేసారి వచ్చి గోల చెయ్యొద్దు. కోప్పడితే ఎదురు వాదించకుండా గది మార్చండి. వారానికి ఒక పూటన్నా ఇంకొకరు కూర్చుంటే ఆ తల్లి నిద్రపోద్ది. ఈ ఒక్క పని చేసే చుట్టం మాత్రం యాడా కనపడడు.

నా అసలు మంట బండి తాళాల మీద. హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని పోయేవాళ్ళ సంగతి వేరే రోజు చూద్దాం. దెబ్బ తగిలి మూడు నెలలు కాకముందే "పాత అలవాటు, జ్ఞాపకం వస్తుంది" అని వాడికే తాళాలిచ్చే బావమరుదులు ఉండారే! ఫిట్స్ వచ్చే మనిషి, చూపు ఒక పక్కే ఆనే మనిషి, లారీల మధ్యకి! పైగా ఒక పెగ్గు కూడా. "బాగానే ఉన్నాడు" అని ఫిట్స్ మాత్ర సొంతంగా ఆపేది కూడా వీళ్ళే. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి.

అప్పుడు మళ్ళీ అవే తాళాలు గుప్పిట్లో కుక్కుతారు, ఇనుము పట్టుకుంటే ఆగుద్దంట! చాలాసార్లు దానంతట అదే రెండు మూడు నిమిషాల్లో ఆగిపోద్ది, పేరు తాళాలకి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదన్నా పెట్టండి, మెడ దగ్గర గుండీ తీయండి. నోట్లో స్పూను, నీళ్ళు, ఏమీ వద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. తాళాలు మీ జేబులో పెట్టుకోండి, బండివి ముఖ్యంగా.