యంత్రం కాదంటే ఎవరిని అడగాలి?

తెలంగాణలో 2014 నుంచి 2019 వరకు 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. దాదాపు 1.42 లక్షల కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. ముందస్తు నోటీసు లేదు, ఇంటికి వచ్చి విచారించినవారూ లేరు. ఈ ఏరివేతలో ప్రభుత్వానికి తోడ్పడింది సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ. కృత్రిమ మేధకు నైతిక నియమాలు ఎలా ఉండాలన్న చర్చ సదస్సుల్లో, ముసాయిదా పత్రాల్లో ఇంకా సాగుతుండగానే, ఆ మేధ పేదల బియ్యం సంచి దాకా వచ్చేసింది. అందువల్ల ఈ చర్చను మొదలుపెట్టాల్సిన చోటు కూడా అదేనని నా అభిప్రాయం.

సమగ్ర వేదిక చేసే పని చెప్పడానికి సులువుగానే ఉంటుంది. రవాణా, విద్యుత్తు, రిజిస్ట్రేషన్లు, పురపాలక పన్నులు వంటి సుమారు 30 శాఖల రికార్డులను ఒకచోటికి చేర్చి, ఏ రికార్డు ఏ మనిషిదో పోల్చి చెబుతుంది. ఫలానా వ్యక్తి పేరిట కారు ఉంది, ఫలానా వ్యక్తికి సొంత ఇల్లు ఉంది అని తేలితే ఆ కుటుంబం అనర్హుల జాబితాలోకి వెళుతుంది. అన్ని శాఖల దగ్గరా ఒకే గుర్తింపు సంఖ్య లేనప్పుడు పేరు, తండ్రి పేరు, చిరునామా, వయసు ఆధారంగా సాఫ్ట్‌వేర్ ఊహించాల్సి వస్తుంది. మన పేర్ల సంగతి తెలిసినవారికి ఇందులోని ప్రమాదం వెంటనే అర్థమవుతుంది. ఒక శాఖలో ఇంటిపేరు ముందు ఉంటుంది, మరో శాఖలో చివర ఉంటుంది, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒక గుమాస్తా ఒకలా, మరో గుమాస్తా ఇంకోలా రాస్తాడు. 'రామాలయం వెనుక' అన్నదే చిరునామాగా నమోదైన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక వ్యక్తికి, దగ్గరి పేరున్న మరొకరి కారును అంటగట్టి, ఆయన భార్యకు రేషన్ నిరాకరించిన ఉదంతం 2024 జనవరిలో ఒక పరిశోధనాత్మక కథనం ద్వారా వెలుగులోకి వచ్చింది.

పేర్లు ఎంత దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒక్కరేనని నిర్ణయించాలి? ఆ గీతను కాస్త కిందికి దించితే అర్హులు కొందరు బలవుతారు, పైకి జరిపితే అనర్హులు కొందరు తప్పించుకుంటారు. రెండు తప్పుల్లో ఏది భరించగలమన్నది రాజకీయ నిర్ణయం, శాసనసభలో చర్చించదగిన నిర్ణయం. అది ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకెగా మారి, ఎవరి సంతకమూ లేకుండా అమలవుతోంది. ఆ లెక్క ఏమిటో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, దాన్ని తయారు చేసిన ప్రైవేటు సంస్థ హక్కులు అడ్డొచ్చాయి. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2024లో ఈ వ్యవస్థను బయటి నుంచి పరీక్షించాలని చూసినా, లోపలి పనితీరు అందుబాటులో లేక ఆ ప్రయత్నం పూర్తిగా సాధ్యపడలేదు.

రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ తర్వాత 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. జులై నాటికి వాటిలో 2,05,734 పరిశీలన పూర్తయితే, 15,471 కుటుంబాలు అర్హమైనవేనని తేలింది. అంటే ఏడున్నర శాతం. మిగిలిన తొంభై రెండున్నర శాతం సరిగానే పోయాయి కదా అని అధికారులు వాదించవచ్చు. ఈ అంకెను మొత్తం రద్దులకు వర్తింపజేయడం నిజానికి ఎటువైపు నుంచీ సబబు కాదు, ఎందుకంటే మళ్లీ దరఖాస్తు చేసుకోగలిగినవారి లెక్క మాత్రమే ఇందులో ఉంది. ఈలోగా వలస పోయినవారు, చనిపోయినవారు, ఆఫీసుల చుట్టూ తిరగలేక ఊరుకున్నవారు ఇందులో లేరు. అయినా తేలిన పదిహేను వేల కుటుంబాలే చాలు. ఒక తహసీల్దారు విచారణ లేకుండా, కారణం చూపకుండా అన్ని కార్డులు కొట్టేసి ఉంటే ఆయనపై ఏ చర్య తీసుకునేవారో, అదే పని యంత్రం చేసినప్పుడు ఎవరిపై తీసుకోవాలో మన వ్యవస్థలో జవాబు లేదు.

బోగస్ కార్డుల బెడద కల్పితం కాదు. వాటిని ఏరివేయడం ప్రభుత్వ బాధ్యతే, అందుకు కంప్యూటర్లను వాడడంలోనూ తప్పు లేదు. తేడా ఎక్కడ వస్తుందో ఆంధ్రప్రదేశ్ అనుభవం కొంత చూపుతుంది. అక్కడ గత ప్రభుత్వ హయాంలో సంక్షేమ పథకాలకు ఆరు అంచెల ధ్రువీకరణ ఉండేది. నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, నాలుగు చక్రాల వాహనం, పరిమితికి మించిన భూమి, ఆదాయపు పన్ను చెల్లింపు వంటివి అనర్హతకు కారణాలు. అందులోనూ పొరపాట్లు దండిగానే జరిగాయి, వేరొకరి మీటరు తమ ఆధార్‌కు జతపడి పింఛను ఆగిందని ఫిర్యాదులు వచ్చాయి. అయితే అక్కడ నియమం ఏమిటో జనానికి తెలుసు. అర్హుల జాబితాను గ్రామ సచివాలయం గోడకు అతికించేవారు. 'ఆ మీటరు మాది కాదు, మేం అద్దెకుంటున్నాం' అని వాదించడానికి ఒక కౌంటరు, ఒక ఉద్యోగి ఉండేవారు. పేర్ల పోలికకు యంత్రం వేసిన మార్కుతో మాత్రం ఎవరూ వాదించలేరు, ఎందుకంటే ఆ మార్కు పడిన సంగతే బాధితుడికి తెలియదు.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం పొందుతున్న వేలాది కుటుంబాలపై పన్నుల శాఖ మోసం ముద్ర వేసి, ఇచ్చిన సొమ్మంతా తిరిగి కట్టమంది. అనుమానితులను ఎంచే నమూనాలో డచ్ పౌరసత్వం ఉందా లేదా అన్నదీ ఒక కొలమానమైంది. ఆ కుంభకోణం బయటపడి 2021 జనవరిలో ప్రధాని మార్క్ రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో రోబోడెట్ పేరుతో నడిచిన పథకంలో కృత్రిమ మేధ కూడా లేదు. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల వ్యవధులకు సమానంగా పంచి, దాంతో పొంతన కుదరని భృతిదారులకు బాకీ నోటీసులు పంపారు. దాన్ని విచారించిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి విచారణ సంఘం) 2023లో తీవ్రంగా తప్పుపట్టింది. రెండు చోట్లా జరిగింది ఒకటే: తప్పు చేయలేదని నిరూపించుకునే భారం పౌరుడి మీద పడింది.

మన దేశంలో ఇందుకు రక్షణ ఏమిటని చూస్తే నిరాశే. కేంద్రం 2025 నవంబరులో విడుదల చేసిన కృత్రిమ మేధ పాలన మార్గదర్శకాలు మంచి మాటలే చెప్పాయి గానీ, ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సబ్సిడీలు, భత్యాల కోసం ప్రభుత్వం పౌరుల డేటా వాడుకోవడానికి వెసులుబాటు ఇచ్చింది, పైగా కొన్ని ప్రభుత్వ సంస్థలను చట్టం పరిధి నుంచే తప్పించే అధికారాన్ని కేంద్రం చేతిలో పెట్టింది. ఐరోపా సమాఖ్య చట్టం మాత్రం సంక్షేమ అర్హతను తేల్చే వ్యవస్థలను అధిక ప్రమాద వర్గంలో చేర్చింది. మన ప్రభుత్వాలకు చురుకుదనం లేదని కూడా అనలేం. 2023 నవంబరులో రష్మిక మందన్న నకిలీ వీడియో వ్యాపించినప్పుడు సామాజిక మాధ్యమాలకు రోజుల వ్యవధిలోనే హెచ్చరికలు వెళ్లాయి. ఎదుటివారి యంత్రాలకు వేసే కళ్లెం తన యంత్రాలకు వేసుకోవడంలోనే సర్కారుకు తీరిక దొరకదు.

పరిష్కారం కోసం ఐరోపా దాకా పోనక్కర్లేదు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ)లోని పేర్లను జనం ముందు చదివి, 'నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఇంత కూలి అందిందా' అని అడిగే పద్ధతి అది. సంక్షేమ పథకాల్లో వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌ను ఇలాంటి తనిఖీ కిందికి తేవచ్చు. ఆస్తిపాస్తుల వివరాలను ఊరందరి ముందూ చదవడం గోప్యతకు భంగమవుతుంది కాబట్టి, ఏ శాఖలోని ఏ రికార్డు కారణంగా అనుమానించారో ఆ కుటుంబానికి మాత్రమే తెలుగులో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎందరిని అనుమానించారు, విచారణలో ఎందరు అర్హులుగా తేలారు అన్న లెక్కను గ్రామసభలో పెట్టాలి. విచారణ ముగిసేదాకా రేషన్ ఆగకూడదు. రద్దు ఉత్తర్వుపై ఒక అధికారి పేరు, సంతకం ఉండాలి. బయటివారి తనిఖీకి ఒప్పుకోని కంపెనీకి టెండరు దక్కకూడదు. వీటిలో చాలావాటికి కొత్త చట్టం కూడా అవసరం లేదు, చర్యకు ముందు ఎదుటివారి వాదన వినాలనే సహజ న్యాయ సూత్రాలు చెప్పేది ఇదే.

ఈ పని వాయిదా వేయడానికి సమయం లేదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు, అదే ఏడాది కొత్త కార్డులూ పంచారు. కార్డు విలువ పెరిగింది, ఖజానాపై భారమూ పెరిగింది, కనుక మళ్లీ ఏరివేతల ఒత్తిడి తప్పదు. ఆదాయపు పన్ను, వాహనాలు, కంపెనీ డైరెక్టర్ల రికార్డులతో పోల్చి తయారు చేసిన అనుమానితుల జాబితాలను 2025లోనే కేంద్రం రాష్ట్రాలకు పంపి, పరిశీలించమని కోరింది. ఆ జాబితాలు మండలాలకు చేరినప్పుడు రెవెన్యూ సిబ్బంది ఇళ్లకు వెళ్లి విచారించారా, లేక ఆఫీసులోనే కూర్చుని మీట నొక్కారా అన్నది ప్రతిపక్షాలు, పత్రికలు జిల్లా జిల్లాకూ లెక్కలు తీసి అడగాల్సిన ప్రశ్న.